మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారా?

కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అయినా "నేనెందుకూ పనికిరాను" అని రాత్రంతా కుమిలిపోయారు. అవునా? అదే పొరపాటు పక్కింటి పిన్నిగారు చేస్తే "పోనిద్దురూ, ఎవరికైనా జరిగేదే" అంటారు. ఆ మాట మీకు మీరు చెప్పుకోరేం?

ఇలా చేసి చూడండి. ఉదయం పది నిమిషాలు నిటారుగా కూర్చుని, ఊపిరి వచ్చిపోవడాన్ని గమనించండి. మనసు తిట్టడం మొదలుపెడితే వాదించకండి. "ఇది ఒట్టి ఆలోచనే" అనుకుని మళ్ళీ ఊపిరి మీదికి రండి.

రాత్రి నోటుబుక్కులో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీరు తిట్టుకున్న మాట, కుడివైపు అదే సంగతికి పిన్నిగారితో అనే మాట రాయండి. ఎవరికీ చూపనక్కర్లేదు.

1986లో అమెరికాలో పెన్నెబేకర్, బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున మనసులోని బాధ రాయించారు. రాసిన వెంటనే దిగులు పెరిగింది. కాని తర్వాతి నెలల్లో, మామూలు విషయాలు రాసినవారికంటే వీరు డాక్టరు దగ్గరకు తక్కువసార్లు వెళ్ళారు. కనుక మొదట్లో కళ్ళు చెమర్చితే కంగారుపడకండి.

రెండు వారాలైనా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే డాక్టరుకు చూపించుకోండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగవద్దు. ఇంట్లోవారికి చెప్పండి. 14416కు ఫోను చేయండి. టెలీ మానస్‌వారు రాత్రనక పగలనక ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.