సర్టిఫికెట్టు వచ్చింది, పాఠం మారలేదు

ఆ మధ్య బోథ్‌లో స్త్రీల సమావేశానికి వెళ్ళినప్పుడు, డిగ్రీ మధ్యలో మానేసిన అమ్మాయిల గురించి మాట వచ్చింది. మన సంస్థలు ఇలాంటి సర్వేలు ఎన్నో చేశాయి. కారణాల గళ్ళు మనకు కంఠతా వచ్చు: పేదరికం, బాల్యవివాహం, బస్సు లేకపోవడం, మరుగుదొడ్డి లేకపోవడం, ఇంటిపని. అన్నీ నిజాలే. కానీ ఒక గోండు తల్లి చెప్పిన కారణం ఏ గడిలోనూ పట్టలేదు.

"బస్సున్నది మేడమ్. పైసలు కూడా ఎట్లనో చూసుకున్నం. రెండేండ్లు పోయింది గని, క్లాసుల ఒక్కనాడు నోరు తెరువలేదంట. ఏం సమజ్ కాకపోతే ఎందుకు పోవాలె అన్నది."

చదువు 'అందుబాటు' గురించి మనం ఇంతగా పోరాడాం కదా, తరగతి గదిలో అడుగుపెట్టాక ఆ పిల్లకు ఏం జరుగుతోందో ఎందుకు అడగలేదు? పాఠం చెప్పే తీరు స్త్రీల హక్కుల సమస్య కాదా?

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట ఒక డిగ్రీ కళాశాలలో సోషియాలజీ చెప్పేదాన్ని. వివాహ రూపాల పాఠంలో 'అపహరణ వివాహం' అంటూ, ఉదాహరణగా గోండుల పేరు డిక్టేట్ చేశాను. క్లాసు అయ్యాక ఒక అమ్మాయి వచ్చి, "మేడమ్, మా అక్కను ఎవరూ ఎత్తుకపోలే. పెద్దమనుషులు కూసోని మాట్లాడి పెండ్లి చేసిన్రు" అంది. నేను నవ్వి, "పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయి" అన్నాను. మర్నాటి నుంచి ఆమె ఆఖరి బెంచీకి మారిపోయింది. ఆమె నోరు మూయించింది పేదరికం కాదు. నేను.

ఆ తర్వాత నేనూ కొన్ని వారాల శిక్షణకు వెళ్ళాను. ప్రపంచీకరణ మీద ఉపన్యాసాలు విన్నాను, సంతకాలు పెట్టాను, సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. నువ్వు పాఠం ఎలా చెప్తున్నావు, నీ క్లాసులో ఎవరు మాట్లాడరు అని అక్కడ ఒక్కరూ అడగలేదు.

ఈ శిక్షణల చరిత్ర చిన్నదేమీ కాదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత యూజీసీ దేశమంతటా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. మన దగ్గర ఉస్మానియాలోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ వచ్చాయి. 2015లో వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మార్చారు. 2023లో మాలవీయ మిషన్ వచ్చాక మళ్ళీ మారింది. మూడు పేర్లు మారినా మారనిది ఒకటుంది: ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులను పదోన్నతికి ముడివేయడం. పదోన్నతి అనేది లేని ఉద్యోగులకు ఈ తలుపు సగం మూసే ఉంటుంది.

ఎవరా ఉద్యోగులు? మారుమూల కళాశాలల్లో బరువు మోస్తున్న కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులు. వాళ్ళలో స్త్రీలు ఎందరో ఈ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒక గెస్టు లెక్చరర్ నాతో అంది: "గంట చెప్తేనే గంట పైసలు మేడమ్. ట్రైనింగ్‌కు పోతే ఆ దినాల జీతం ఎవరిస్తరు?" పర్మనెంటు ఉద్యోగం ఉన్న ఆడవాళ్ళ సంగతీ అంతంతే. వారాల తరబడి ఊరు విడిచి పోవాలంటే పిల్లలను ఎవరు చూడాలి? ఇప్పుడు ఆన్‌లైన్ వచ్చింది కదా అంటారు. అంటే వంటింట్లో కుక్కర్ పక్కన ఫోను పెట్టుకుని 'వృత్తి వికాసం' పొందమని.

"ముందు ఖాళీలు నింపండి, బోధనా పద్ధతుల మాట తర్వాత" అనే మిత్రులున్నారు. ఖాళీలు నింపాల్సిందే. కానీ డిక్టేషన్ చెప్పేవాళ్ళతో నింపితే ఆ పిల్లకు ఒరిగేదేమిటి? "భాష రాదు కాబట్టి మాట్లాడరు" అనేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో గోండి, సంతలో తెలుగు, మరాఠీ నెగ్గుకొచ్చే పిల్లకు భాష రాదా? ఆమె భాష మనకు రాదా?

ఇది కొత్త ఆలోచన కాదు. 1943లో, నిజాం కాలంలో, హైమెన్‌డార్ఫ్ చొరవతో అప్పటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. పిల్లల భాష తెలిసిన ఉపాధ్యాయులను ముందు తయారుచేయాలన్న ఎరుక అందులో ఉంది. అదీ మగవాళ్ళతో మొదలైన పనే, పై నుంచి వచ్చిన పనే. అయినా, ప్రాథమిక బడికి అప్పుడే తట్టిన విషయం మన విశ్వవిద్యాలయాలకు ఇంకా తట్టకపోవడం సిగ్గుచేటు.

బోధన మీద పరిశోధన అంటే పెద్ద గ్రంథం కాదు. 2010 నుంచి పాయింట్ల కోసం ఎవరూ చదవని పత్రాలు కుప్పలుగా అచ్చయ్యాయి. వాటికి బదులు ఒక అధ్యాపకురాలు నెల రోజులు తన క్లాసులో ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు, ఏ పాఠం దగ్గర ఎవరు తలవంచుకున్నారు అని రాసుకుంటే అదే పరిశోధన. నలుగురు కూర్చుని ఆ నోటుపుస్తకాలు చదువుకుంటే అదే శిక్షణ.

కాబట్టి మనం అడగవలసినవి:

1. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులకు వేతనంతో కూడిన శిక్షణ ఇవ్వాలి.
2. శిక్షణ జిల్లా కేంద్రాల్లోనే జరగాలి. అక్కడ పిల్లల సంరక్షణ ఏర్పాటు ఉండాలి.
3. ఆదివాసీ, దళిత విద్యార్థినులు తమ తరగతి అనుభవం చెప్పే సమయం ప్రతి శిక్షణలో ఉండాలి. వాళ్ళు అక్కడ ఉదాహరణలు కారు, బోధకులు.
4. క్లాసు గది మీద అధ్యాపకులు చేసే చిన్న పరిశోధనలకు పదోన్నతిలో విలువ ఇవ్వాలి.

ఇవి ప్రభుత్వాన్నీ, విశ్వవిద్యాలయాలనూ అడగాల్సినవి. మనం రేపే చేయగలిగింది ఒకటుంది. మన సర్వే ఫారాల్లో ఒక గడి కలుపుదాం: 'క్లాసులో నువ్వు ఎప్పుడైనా మాట్లాడావా? మాట్లాడితే ఏమైంది?'

నా ఆఖరి బెంచీ అమ్మాయిని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె చదువు పూర్తి చేసిందో లేదో నాకు తెలియదు. పుస్తకంలో ఉన్నట్టు పరీక్ష మాత్రం రాసింది. ఆ పేపరు దిద్ది మార్కులు వేసింది నేనే.