శాసనాల మీద ఇసుక చిమ్మొద్దు



కుంభాభిషేకమో బ్రహ్మోత్సవమో దగ్గరపడితే చాలు, పాత గుళ్లలో కంప్రెసర్ మోత మొదలవుతోంది. స్తంభాల మీద పేరుకున్న సున్నం, నూనె జిడ్డు, కర్పూరపు మసి వదిలించడానికి గాలి ఒత్తిడితో ఇసుక చిమ్ముతున్నారు. శాండ్ బ్లాస్టింగ్ అంటారు దీన్ని. తుప్పు పట్టిన ఇనుముకు వాడే పద్ధతి ఇది. రాయి తెల్లబడుతుంది, దాత సంతోషిస్తాడు, కాంట్రాక్టర్‌కు బిల్లు వస్తుంది. ఏం పోయిందో చూసే నాథుడు ఉండడు.

అంత గట్టి గ్రానైట్‌కు ఇసుకతో ఏమవుతుందని ఆలయాల ఈవోలే అడుగుతుంటారు. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. గ్రానైట్‌లో క్వార్ట్జ్‌తో పాటు దానికంటే మెత్తనైన ఫెల్డ్‌స్పార్, అభ్రకం కూడా ఉంటాయి. దెబ్బకు మొదట అవి రాలిపోయి, శిల్పి నున్నగా తీర్చిన పైభాగం గరుకెక్కుతుంది. ఆ గరుకులో దుమ్మూ తేమా నిలిచి నాచు మరింత తొందరగా పడుతుంది. ఇసుకరాతితో కట్టిన గుడైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

శాసనాల గతి ఇంకా దారుణం. కడప జిల్లా కలమళ్లలో దొరికిన క్రీ.శ. 575 నాటి శాసనాన్ని చూపించే కదా మన భాష వయసు చెప్పుకుంటున్నాం! చెరువు తవ్వించినవారి పేరు, అఖండ దీపానికి గొర్రెలిచ్చినవారి పేరు ఈ రాళ్ల మీద తప్ప మరెక్కడా లేవు. మా మండలంలోని ఒక ఆలయంలో నిరుడు మండప స్తంభానికి ఇసుక పట్టించారు. అంతకుముందు చేత్తో తడిమితే తెలిసే అక్షరాలు ఇప్పుడు పక్కనుంచి టార్చి వేసినా సగం కనిపించడం లేదు. నోటికి తువ్వాలు చుట్టుకుని ఆ దుమ్ములో పనిచేసిన కూలీలకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ముప్పు గురించి చెప్పినవారు కూడా లేరు.

మురికి అలాగే ఉంచమని నేననడం లేదు. పురావస్తు సర్వేక్షణ శాఖ రసాయన విభాగం నీళ్లు, మెత్తటి బ్రష్షు, పలుచటి అమోనియా, డిటర్జెంట్ ద్రావణంతో రాళ్లు శుభ్రం చేస్తుంది. ఉప్పు తేరినచోట తడి కాగితపు గుజ్జు పట్టిస్తే, ఆరేకొద్దీ ఉప్పును అది తనలోకి లాక్కుంటుంది. సున్నం పూతలను మాత్రం పొరపొరగా చేత్తో ఊడదీయాలి. ఆలస్యమూ ఖర్చూ ఎక్కువే, కాదనను. అయినా తమిళనాడు తన ఆలయాల్లో శాండ్ బ్లాస్టింగ్‌ను నిషేధించింది.

మన రెండు రాష్ట్రాల దేవాదాయ శాఖలు ప్రతి టెండరులోనూ ఇసుక యంత్రం వాడరాదని స్పష్టంగా రాయాలి, వాడితే బిల్లు ఆపాలి. పని మొదలుకాకముందే శాసనాలకు ఫోటోలు, కాగితపు అచ్చులు తీయించాలి. పాఠకులకూ ఒక మనవి: మీ ఊరి గుడి ముందు కంప్రెసర్ దిగితే ఆ రోజే కలెక్టరుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా