ఆది జాకెట్టు ఇస్తే కుట్టరా?

మా వీధి చివర టైలరు దగ్గరికి వెళ్ళి, ఆది జాకెట్టు ఒకటీ గుడ్డ ఒకటీ చేతిలో పెట్టి, "దీని కొలతకే కుట్టు నాయనా" అంటే చాలు. మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడుగు అని మారు ప్రశ్న వెయ్యడు. వేలకు వేలు పోసి కొనుక్కున్న కంప్యూటరుకి, అందులో ప్రపంచమంతా వాడే ఆ వర్డుకి మాత్రం ఈపాటి తెలివి లేకపోయింది చూశారూ, అదీ నా ఉక్రోషం!

కంప్యూటరు గొడవ మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. ఈ రోజుల్లో పట్టికలు గియ్యని ఇల్లాలు ఎవరు? పాల లెక్కా, చీటీ పాట లెక్కా, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సూ, పెళ్ళికి పిలవాల్సిన వాళ్ళ జాబితా... అన్నీ గడులే. నా మటుకు నాకు గడులు లేకపోతే కథే నడవదు. ఒకప్పుడు నేను రాసిన సీరియల్లో ఎనిమిదో వారం కన్నుమూసిన మామగారు పన్నెండో వారం వరండాలో కూర్చుని కాఫీ అడిగాడు. పాఠకులు ఉత్తరాలతో వాయగొట్టారు. ఆనాటి నుంచీ ఎవరి వయసెంత, ఎవరు ఊళ్ళో ఉన్నారు, ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అని పట్టిక వేసుకోకుండా కలం కదపను.

పట్టికల్లో మా అత్తగారి మందుల పట్టిక నా కళాఖండం. ఆవిడకి కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది. చిన్న అక్షరాలు ఆనవు. అందుకని 16 పాయింట్ల అక్షరాలు, పైవరుసకి పసుపు రంగు, దాని కింద లావుపాటి గీత, వరుస విడిచి వరుసకి లేత బూడిద రంగు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు నిలువు గడులు. మొదటిసారి అది వెయ్యడానికి నాకొక సాయంత్రం పట్టింది. గీత లావు చేస్తే రంగు పోయేది, రంగు తెస్తే అక్షరాలు గోడకి అతుక్కునేవి. ఎలాగైతేనేం, అయింది. మర్నెల మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక, ఇంకో సాయంత్రం పోగొట్టుకునే ఓపిక లేక అందరూ చేసే పనే నేనూ చేశాను. పాత పట్టికను కాపీ చేసి, మారినవి దిద్దేశాను.

షుగరు మాత్ర దిద్దాను. కాల్షియం దిద్దాను. రక్తపోటు మాత్ర రాత్రిది మానెయ్యమని డాక్టరు చెప్పిన సంగతి మాత్రం ఆ గడిలో దిద్దలేదు. రెండు రాత్రులు ఆవిడ ఆ పట్టిక చూసి ఆ మాత్ర మింగింది. మూడోనాడు పొద్దున లేవబోయి తూలి గోడ పట్టుకుంది. ఆ రాత్రి పట్టిక కళ్ళ దగ్గర పెట్టుకుని, "అమ్మాయ్, రాత్రిది వద్దన్నాడు కదే డాక్టరు? నాకే మతి తప్పిందా, నీకా?" అంది. నా కాళ్ళ కింద నేల కదిలింది.

"రెండోసారి చూసుకోవద్దూ?" అన్నారు మా వారు. నిజమే. తప్పు నాదే, ఒప్పుకున్నాను. కానీ అక్కడితో ఆ మాట ముగిసిపోతుందంటే నేనొప్పుకోను. ఖాళీ గడి నోరు తెరుచుకుని "నన్ను నింపు" అని అడుగుతుంది. నిండిన గడి బుద్ధిమంతురాలిలా నోరు మూసుకుని కూర్చుంటుంది. అందులో ఉన్నది ఈ నెలదో కిందటి నెలదో మొహం చూసి చెప్పలేం. ఒకరు తిన్న విస్తరిని కడిగి ఇంకొకరికి వడ్డిస్తే మనింట్లో ఊరుకుంటారా? అయినా పట్టికల దగ్గరికి వచ్చేసరికి దేశమంతా కడిగిన విస్తరే. ఎక్కడో ఓ మూల ఒక మెతుకు అంటుకునే ఉంటుంది. మా అపార్ట్‌మెంటు మీటింగు కాగితంలో, పోయి ఆరు నెలలైన పెద్దాయన "హాజరు" అని పడింది. పాపం ఆయన భార్య ఆ కాగితం మడిచి బీరువాలో దాచుకుంది.

"అమ్మా, ఖాళీ పట్టిక ఒక ఫైలుగా దాచుకో, సరిపోయె" అన్నాడు మా అబ్బాయి. పిల్లలకి అన్నీ సరిపోతాయి. డాక్టరుకి రాసే ఉత్తరం మధ్యలో ఆ పట్టిక కావాలంటేనో? కూరల లెక్కకీ, నవల లెక్కకీ అదే ముస్తాబు కావాలంటేనో? మళ్ళీ ఆ ఫైలు వెతకడం, కాపీ, అతికింపు... కావలసింది పదార్థం కాదు, అచ్చు. జంతికల గొట్టంలో పిండి మారుతుంది కానీ బిళ్ళ మారదు కదా!

ఆ బిళ్ళ వర్డులో లేదా అంటే, ఉంది. చెప్పరంతే. 2002 నాటి వర్డుతోనే మన సొంత టేబుల్ స్టైలు తయారు చేసుకునే వీలు వచ్చింది. పట్టికలో కర్సరు పెడితే పైన టేబుల్ డిజైన్ అని వస్తుంది. అక్కడ వరుసగా కనిపించే నమూనాల పక్క బాణం నొక్కితే, అన్నిటికన్నా అడుగున, "న్యూ టేబుల్ స్టైల్" అని ఉంటుంది. దానికో పేరు పెట్టి, పట్టిక మొత్తానికీ, పైవరుసకీ, చివరి వరుసకీ, విడిచి విడిచి వచ్చే వరుసలకీ వేరువేరుగా రంగూ, గీతా, అక్షరమూ చెప్పుకోవాలి. అంతా అయ్యాక కింద రెండు బొట్లు ఉంటాయి. ఈ డాక్యుమెంటుకి మాత్రమేనా, ఇకమీదట వచ్చే కొత్త డాక్యుమెంట్లకి కూడానా అని. అది ముందుగానే మొదటి దాని మీద చుక్క పెట్టి ఉంచుతుంది! మనం చూసుకోకుండా సరే అన్నామా, ఆ సాయంత్రం కష్టమంతా ఆ ఒక్క కాగితంతో సరి. కొత్త కాగితంలో వెతికితే ఆ పేరే ఉండదు. ఎంతమంది ఆడవాళ్ళు "నాకు చేతకాలేదు" అనుకుని ఇక్కడే వదిలేసుంటారో! చేతకాకపోవడం కాదమ్మా, చుక్క మార్చకపోవడం.

ఇంకో తమాషా వినండి. తెలుగు అక్షరం ఎంచుకోబోతే లాటిన్ లిపికి ఒక గడీ, మనలాంటి వాళ్ళకి "కాంప్లెక్స్ స్క్రిప్ట్స్" అని వేరే గడీ ఉంటాయి. మొదటి గడిలో 16 పెట్టి, తెలుగు పెరగలేదేమిటా అని నేను గంటసేపు కొట్టుకున్నాను. మన అఆలు వాళ్ళకి చిక్కుముడి లిపులట! వరుసల ఎడం "ఎగ్జాక్ట్లీ" అని బిగించి కూర్చున్నారా, కింద వత్తుల కాళ్ళు తెగిపోతాయి. మందుల పట్టికలో వత్తు తెగితే ఏం చదువుకుంటారు?

అసలు కోపం ఇంకా చెప్పలేదు. నేను ఒక సాయంత్రమంతా కూర్చుని తీర్చిన పట్టికను చూపించి, "ఇదిగో, దీన్నే స్టైలుగా దాచుకో" అంటే వర్డు దాచుకోదు. పేరాగ్రాఫుకైతే దాచుకుంటుంది, పట్టికకి మాత్రం కుదరదట. మెడ లోతు దగ్గర్నుంచి మళ్ళీ మొదటికి రమ్మంటుంది. పోనీ ఇది సాధ్యం కాని పనా? డబ్బు తీసుకోకుండా ఇచ్చే లిబ్రె ఆఫీసులో తీర్చిన పట్టికలో కర్సరు పెట్టి, టేబుల్ మెనూలో ఆటోఫార్మాట్ స్టైల్స్ తెరిచి, "యాడ్" నొక్కి పేరు పెడితే, మారు మాట్లాడకుండా దాచుకుంటుంది. ఉచితంగా కుట్టేవాడు ఆది జాకెట్టు తీసుకుంటుంటే, డబ్బు పుచ్చుకునేవాడికి ఏం వచ్చింది?

వర్డు తరఫున ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2007 నుంచి క్విక్ టేబుల్స్ అని ఒకటి పెట్టారు. పట్టికంతా ఎంచుకుని, ఇన్సర్ట్‌లో టేబుల్ కింద క్విక్ టేబుల్స్‌కి వెళ్ళి, గ్యాలరీలో దాచమంటే దాస్తుంది. గడుల వెడల్పుతో సహా దాస్తుంది. స్టైలు వెడల్పులు దాచదు మరి. అది చీర లాంటిది, ఇది కట్టూ బొట్టూ చేసిన బొమ్మ. కాకపోతే లోపల ఉన్న మాటలు కూడా దాస్తుంది గనుక, దాచేముందు గడులన్నీ ఖాళీ చెయ్యాలి. వర్డు మూసేటప్పుడు "బిల్డింగ్ బ్లాక్స్‌లో మార్పులు దాచమంటారా?" అని అడిగితే కంగారులో వద్దనకూడదు. వద్దంటే బొమ్మ పోయినట్టే.

"ఒక్క గీతల కోసం ఇంత రభసా?" అన్నారు మా వారు. ఆయన ఆఫీసు కాగితాలకి గీతలు వేరే ఎవరో గీసి పెట్టేవారు. గీసిన చెయ్యికే తెలుస్తుంది అది ఎంత సాయంత్రమో. అది పని కాదనీ, రేపు మళ్ళీ గీసుకోవచ్చుననీ అనుకునేవాళ్ళే ఈ దాచుకునే దారిని మెనూ అడుగున పాతిపెట్టి ఉంటారని నా గట్టి నమ్మకం.

కిందటి ఆదివారం ఖాళీ పట్టిక దాచి, ఒకటి అచ్చు తీసి అత్తగారికి చూపించాను. ఈసారి ఒక్క గడిలోనూ ఒక్క అక్షరం లేదు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "పేర్లు నేనే రాసుకుంటాలే. నెలకొకటి ఇవ్వు చాలు" అని పెన్ను అడిగింది. చీటీ ముందు పెట్టుకుని, ఒక్కొక్క మాత్రా అట్టతో సరిచూసుకుంటూ రాయడం మొదలుపెట్టింది. రాత్రి గడి దగ్గరికి వచ్చి నావంక ఒకసారి చూసి, అడ్డగీత కొట్టింది.