మ్యాపులో రంగుంటే ఫోన్ కలిసినట్టేనా?



మన అల్లూరి జిల్లా మన్యంలో ఓటీపీ కోసం ఇప్పటికీ కొండ ఎక్కే గూడేలున్నాయి. టవర్ అడిగితే మాత్రం "మ్యాపులో కవరేజీ ఉంది కదా" అంటారు.

ఆ మ్యాపు సంగతి తెలుసుకుందాం. 2024లో ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు కవరేజీ మ్యాపులు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. మంచిదే. కానీ ఆ రంగు గూడెం గూడెం తిరిగి కొలిచింది కాదు. టవర్ ఎత్తు, ఫ్రీక్వెన్సీ, నేల ఎత్తుపల్లాలు కంప్యూటర్‌కిచ్చి వేయించిన అంచనా. కొండ చాటు లోయలో, దట్టమైన చెట్ల కింద, ఇంటి లోపల ఆ లెక్క తప్పొచ్చు. కరెంటు పోయి టవర్ ఆగిపోయినా మ్యాపులో రంగు అలాగే ఉంటుంది.

108కి ఫోన్ కలవకపోతే గర్భిణిని డోలీలో మోసేది మనమే, మ్యాపు కాదు!

అందుకే సెలవులకు ఊరెళ్లినప్పుడు మనమే కొలుద్దాం. ఇంట్లో, వీధిలో, బడి దగ్గర ఫోన్ కలిసిందా లేదా రాద్దాం. తేదీ, టైము, ఏ సిమ్ అన్నదీ రాసి, స్క్రీన్‌షాట్ తీద్దాం. గ్రామసభలో తీర్మానం చేయించి, మ్యాపు ప్రింటుతో కలిపి ఐటీడీఏ పీఓ గారికి ఇద్దాం. అప్పుడు కూడా "మ్యాపులో ఉంది" అంటే, మా గూడేనికొచ్చి ఒక్క ఫోన్ చేసి చూపించమందాం.