శ్రేష్ఠత్వం ఆసనంలో లేదు

శ్రేష్ఠుని నడవడి పదిమందికీ మార్గమవుతుందన్నది గీత తృతీయాధ్యాయంలోని కర్మయోగబోధలో ఒక ముఖ్యాంశం. రాజులకూ గురువులకూ అన్వయించే ఈ సూత్రం నేటి వాణిజ్యసంస్థలకూ వర్తిస్తుంది. అయితే ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. అధిపతియే ధర్మచ్యుతుడైతే, అతని క్రింద పనిచేసేవారందరూ అదే దారి పట్టవలసినదేనా?

మన భాగ్యనగరంలోనే దీనికొక దృష్టాంతం ఉన్నది. సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు బి. రామలింగరాజు 2009 జనవరి 7న స్వయంగా లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అంగీకరించారు. అంతకు కొద్ది నెలల ముందే, 2008లో, ఆ సంస్థ సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకొని ఉన్నది! పురస్కారం కీర్తిని చాటగలదే గాని, ఆచరణకు ప్రత్యామ్నాయం కాజాలదు. 1987 నుండి కూడబెట్టిన ప్రతిష్ఠ ఒక్క దినంలో నేలకూలింది.

తరువాత జరిగినదే మన విచారణకు యోగ్యమైనది. కేంద్రప్రభుత్వం పాత డైరెక్టర్ల మండలిని తొలగించి కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్ వంటి అనుభవజ్ఞులను నియమించింది. జీతాలు వస్తాయో రావో తెలియని ఆ స్థితిలో, వెడలినవారు వెడలగా, నిలిచిన వేలాది ఉద్యోగులు దేశవిదేశాల ఖాతాదారులకు చేస్తున్న పనిని ఆగనీయలేదు. యాజమాన్యం మారినా, చివరకు సంస్థ పేరే మారినా, వారు తమను తాము మలచుకొన్నారు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేజిక్కించుకొన్నప్పుడు అందులో కొనదగినదిగా మిగిలినది ధనాగారం కాదు. ఈ కర్మనిష్ఠయే, దానిని నమ్మి నిలిచిన ఖాతాదారులే.

కనుక శ్రేష్ఠత్వం ఆసనాన్ని బట్టి రాదు, ఆచరణను బట్టి వస్తుందని నా దృఢాభిప్రాయం. ఆ దినాలలో అనుసరింపదగిన శ్రేష్ఠులు స్వధర్మాన్ని విడువని ఆ సామాన్యోద్యోగులే.

అయినా వారి సహనాన్ని స్తుతించి ఊరుకొంటే అది అర్ధసత్యమే అవుతుంది. కొత్త యాజమాన్యంలో వేలమందిని పని లేదని, తగ్గించిన జీతంతో పక్కన ఉంచవలసి వచ్చింది. ఒకరి అధర్మానికి మూల్యం చెల్లించినవారు నిరపరాధులు. దానిని వారి ప్రారబ్ధమని తేల్చివేయడం కర్మసిద్ధాంతానికే అపచారం. ప్రారబ్ధం మన దుఃఖాన్ని మనం ఓర్చుకొనడానికి చెప్పినది గాని, పరుల దుఃఖానికి కారకుడైనవానిని విడిచిపెట్టడానికి చెప్పినది కాదు.

పనివాడు ఎంతగా తనను మార్చుకొన్నా, నాయకుని అసత్యాన్ని కొంతకాలం మోయగలడే గాని సత్యంగా మార్చలేడు. కార్యాలయమైనా, ఆలయసంఘమైనా, ఇల్లైనా, మన మాటపై ఆధారపడి నలుగురు బ్రతుకుతున్నచోట మనం వ్రాసే ప్రతి లెక్కా వారి అన్నంతో ముడిపడి ఉంటుంది. ఈ ఎరుకతో చేసే సంతకం కూడా సాధనయే.