కన్నీటి తూముకు చిన్న బిరడా



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి మాకు వచ్చే ఉత్తరాలలో కళ్లు పొడిబారడాన్ని గూర్చిన ప్రశ్నలు తరచుగా ఉంటున్నాయి. ఇందుకు ఆశ్చర్యపడనక్కర లేదు. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల ఊకదుమ్ము, కోదాడ దాటి హుజూర్‌నగర్ వైపు వెళితే సిమెంటు దుమ్ము, సూర్యాపేట మీదుగా పోయే హైదరాబాదు - విజయవాడ రహదారి మీద లారీల పొగ. వీటికి తోడు మే నెల వడగాలి.

ఈ నెల ఒక్క ఉత్తరాన్నే తీసుకొంటున్నాము. వ్రాసినది కీళ్లవాతంతో చాలాకాలంగా బాధపడుతున్న ఒక టీచరమ్మ. కన్నీళ్లు బయటికి పోయే రంధ్రాలకు హైదరాబాదులో డాక్టరుగారు ప్లగ్‌లు పెట్టారట. వీటితో ఇక ఎలా బ్రతకాలి అన్నది ఆమె ప్రశ్న. దానితోపాటు ఆమె ఇలా వ్రాశారు: "మా అత్తగారు పోయిన రోజున నా కంట ఒక్క చుక్క రాలేదు. లోపల గుండె పగిలిపోతున్నది, కళ్లు మాత్రం కారం కొట్టినట్టు మండుతున్నాయి. కోడలికి కన్నీళ్లు కూడా రాలేదని చుట్టాలు అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. ఇప్పుడేమో ప్లగ్ పెట్టాక ఊరక కూర్చున్నా ఒక కంట నీరు కారుతోంది. ఎందుకమ్మా ఏడుస్తున్నావని పిల్లలు అడుగుతున్నారు."

ఆమె చుట్టాల మాట తరువాత చూద్దాము. ముందు ఈ ప్లగ్ సంగతి తెలుసుకొందాము.

మన ప్రాంతపు వారికి ఇది చెప్పడం సులభమే. చెరువుకు నీరు వచ్చే వాగు ఒకటి, నీరు బయటికి పోయే తూము ఒకటి ఉంటాయి గదా. కంటికి పైన బయటి మూలలో ఉండే కన్నీటి గ్రంథి వాగు వంటిది. ముక్కు వైపు మూలలో, పై రెప్పకు ఒకటి, కింది రెప్పకు ఒకటి, సూదిమొన వంటి రంధ్రాలున్నాయి. అవే తూములు. రెండు కళ్లకు కలిపి నాలుగు. కన్నీరు వాటిగుండా సన్నని గొట్టాలలోనికి, అక్కడనుండి కన్నీటి సంచిలోనికి, చివరకు ముక్కులోనికి పోతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారడమూ, కంట్లో వేసిన చుక్కల మందు కాసేపటికి గొంతులో చేదుగా తగలడమూ ఇందువల్లనే.

వాగులో నీరు తగ్గినప్పుడు రైతు ఏమి చేస్తాడు? తూము మూస్తాడు. పంక్టల్ ప్లగ్ చేసేది అంతే. అది కన్నీటిని పుట్టించదు, ఉన్న కొద్దిపాటి కన్నీటిని నిలుపుతుంది. ఈ ఒక్క మాట పట్టుకొంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఆ రంధ్రాలను కాల్చి శాశ్వతంగా మూసే పద్ధతిని 1935లోనే బీథమ్ అనే అమెరికా వైద్యుడు వివరించాడు. కావలసినప్పుడు తీసివేయగల సిలికాన్ ప్లగ్‌ను 1975లో ఫ్రీమన్ అనే వైద్యుడు పరిచయం చేశాడు. ఇది బియ్యపు గింజకన్నా చిన్నది. మత్తు చుక్కలు వేసి కొద్ది నిమిషాలలో పెట్టేస్తారు, కోతా కుట్టూ ఉండవు. సాధారణంగా ముందు కింది రెప్ప రంధ్రానికి పెడతారు. కొందరు డాక్టర్లు మొదట కొల్లాజెన్‌తో చేసినది పెట్టి చూస్తారు. అది కొన్ని రోజులలో తనంతట కరిగిపోతుంది. దానితో సుఖంగా ఉంటేనే సిలికాన్ పెడతారు. ఈ పరీక్ష మంచిదని మా అభిప్రాయం, ఎందుకంటే కన్ను పొంగిపొర్లుతుందో లేదో ముందే తెలిసిపోతుంది.

అయితే పొడికళ్లన్నిటికీ తూము మూయడమే మందు కాదు. కన్నీటి పొర అంటే ఉత్త నీరు కాదు. నీటిమీద ఆవిరి కాకుండా కాపాడే సన్నని నూనెపొర ఉంటుంది. ఆ నూనె రెప్పల అంచున ఉండే గ్రంథులనుండి వస్తుంది. చాలామందిలో లోపం అసలు నీటిలో కాదు, ఈ నూనెలో. అటువంటి వారికి వేడినీటిలో తడిపి పిండిన గుడ్డతో రెప్పలకు కాపడం పెట్టడం, రెప్పల అంచులు శుభ్రం చేసుకోవడం ముఖ్యం. నీరే తక్కువగా ఊరుతోందా అని తెలుసుకొనడానికి షిర్మర్ పరీక్ష ఉంది. 1903 నాటిది, నేటికీ వాడుకలో ఉంది. కింది రెప్పలో సన్నని కాగితపు ముక్క పెట్టి 5 నిమిషాలు ఉంచుతారు. 10 మిల్లీమీటర్లకు పైగా తడిస్తే పరవాలేదు. 5కు తక్కువైతే నీటికొరత ఎక్కువని అర్థం.

మన టీచరమ్మ విషయంలో కీళ్లవాతం పెద్ద సూచన. శరీరం తన గ్రంథులమీద తానే దాడిచేసే జబ్బు ఒకటి కీళ్లవాతంతో కలిసి రావచ్చును. స్వీడన్ కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దానిని వివరంగా వర్ణించాడు గనుక ఆయన పేరే నిలిచింది. అందులో కళ్లతోపాటు నోరు కూడా ఎండిపోతుంది. గ్రంథి దెబ్బతిన్నవారికి దుఃఖం వచ్చినా కన్నీరు రాకపోవచ్చు. చుట్టాలు కఠినత్వమనుకొన్నది నిజానికి జబ్బు. ఈ వాక్యాన్ని వారికి చదివి వినిపించమని ఆమెను కోరుతున్నాము.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2010 - 2018 మధ్య తమవద్దకు వచ్చిన సుమారు 14 లక్షల 50 వేల కొత్త రోగుల రికార్డులను పరిశీలించగా 21 వేలకు పైగా మందిలో పొడికళ్ల జబ్బు తేలింది. కాబట్టి ఈ బాధ ఆమె ఒక్కరిదే కాదు.

ఇక నీరు కారడం మాట. వాగు మళ్లీ కొంచెం పారుతూ ఉండి తూము మూసి ఉంటే కట్ట పొర్లుతుంది. గాలి, పొగ తగిలినప్పుడు కూడా కన్ను ఒక్కసారిగా నీరు పెడుతుంది. మొదటి వారాలలో ఇది కొందరికి సర్దుకొంటుంది. సర్దుకోకపోతే డాక్టరు పట్టకారుతో సిలికాన్ ప్లగ్‌ను తీసివేయగలరు. భరించి ఊరుకోవలసిన పనిలేదు.

దానికంటె ముఖ్యమైనది దురద. ముక్కు వైపు మూలలో ఇసుక రేణువు ఉన్నట్టు గుచ్చుకొంటుంది, వేలు అటే పోతుంది. గోటితో గెలికితే ప్లగ్ ఊడుతుంది, లేదా లోపలికి జారిపోతుంది. లోపలికి జారినది గొట్టంలో చిక్కుకొని చీము పట్టించవచ్చు. ముఖం తుడుచుకొనేటప్పుడు ఆ మూల నలపకుండా మెత్తని గుడ్డతో అద్దుకొనండి. తలంటు స్నానానికి అభ్యంతరం లేదు. కాటుక మాత్రం ఆ మూలకు రానీయకండి. ఆ మూలలో వాపు, ఎరుపు, నొప్పి, చీము కనిపిస్తే మర్నాటి వరకు ఆగకండి.

చుక్కల మందు విషయంలో ఒక హెచ్చరిక. తూము మూసినందువల్ల వేసిన మందు కూడా కంటిలో ఎక్కువసేపు నిలుస్తుంది. మంచి మందైతే మేలే. కాని సీసాలోని మందు పాడవకుండా కలిపే రసాయనం కూడా అంతసేపూ నిలిచి కంటిపొరను గాయపరుస్తుంది. రోజుకు చాలాసార్లు వేసుకోవలసినవారు ఆ రసాయనం లేని చుక్కలు అడిగి తీసుకోవాలి. మందుల షాపులో ఎరుపు తగ్గుతుందని ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలను డాక్టరు చీటీ లేకుండా ముట్టకండి. వాటివలన కంటి ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. ఆకు పసరు, చనుబాలు, తేనె వంటివి సరేసరి. వాటిని మన ఊళ్లలో ఇంకా వేస్తున్నారంటే మాకు బాధ కలుగుతుంది. కంటిపొర వాచి మంటతో ఉన్నప్పుడు ముందు దానిని తగ్గించి, తరువాతనే తూము మూయాలని చాలామంది వైద్యులంటారు. మురికినీటిని నిలవబెట్టడం ఎవరికి మేలు?

చంటిపిల్లల కళ్లు పొడిబారితే అది వేరే సంగతి. అక్కడ విటమిన్ ఏ లోపాన్ని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి, ప్లగ్‌ల మాటే రాదు.

ప్లగ్‌ల వలన ఎంత మేలు? 2017లో కోక్రేన్ సంస్థ 18 పరిశోధనలను కలిపి చూసి, లాభం స్పష్టంగా తేలలేదని వ్రాసింది. దానర్థం పనిచేయవని కాదు. ఎవరికి సరిపోతాయో ఏరి పెట్టడంలోనే అంతా ఉందని మా ఉద్దేశం. అందుచేత ప్లగ్ ఉన్నా చుక్కలు మానవద్దు. స్కూటరు మీద కళ్లద్దాలు లేకుండా పోవద్దు. హైదరాబాదుకు బస్సులో పోయేటప్పుడు ఏసీ గాలి ముఖానికి తగలకుండా చూసుకొనండి. కూలరు ఎదుట పడుకోవద్దు. ఫోను చూసేటప్పుడు రెప్పలు వేయడం మరచిపోతాము, అందుకే మధ్య మధ్య కళ్లు పూర్తిగా మూసి తెరవండి.

ప్లగ్ తనంతట ఊడిపోవడం మామూలే. దిండు మీదనో, చేతిరుమాలులోనో దొరికితే కంగారుపడవద్దు, తిరిగి పెట్టుకొనే ప్రయత్నం చేయవద్దు. ఉన్నదో ఊడినదో చూడడానికి ప్రతిసారీ హైదరాబాదు పోనక్కరలేదు. సిలికాన్ ప్లగ్ తల పైకే కనిపిస్తుంది గనుక స్లిట్ ల్యాంప్ ఉన్న దగ్గరి కంటి డాక్టరు చూసి చెప్పగలరు. పెట్టించుకొన్ననాడే ఏ కన్ను, పైరెప్పా కిందిరెప్పా, ఏ రకం, ఏ సైజు, ఏ తేదీ అన్నది ఒక చీటీమీద వ్రాయించుకొని మందుల సంచిలో ఉంచుకొనండి.