ఈవీలో రీజెన్ ఎప్పుడూ ఫుల్‌లోనే ఉండాలా? నల్లజర్ల రోడ్డుది ఒక లెక్క, తిరుమల ఘాట్‌ది ఇంకో లెక్క

"రీజెన్ ఎంత స్ట్రాంగ్‌గా ఉంటే రేంజ్ అంత ఎక్కువ." ఈవీ కొనేవాళ్లు తరచూ వినే మాట ఇది. నేను ఒప్పుకోను. అది రోడ్డుని బట్టి ఉంటుంది.

యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడు ఉన్న ఊపుతో కారు అలా సాగిపోతే కోస్టింగ్. మోటరే జనరేటర్‌గా మారి, వేగం తగ్గిస్తూ బ్యాటరీకి కరెంట్ పంపితే రీజెన్. చక్రం నుంచి బ్యాటరీకి వెళ్లేటప్పుడు కొంత ఎనర్జీ పోతుంది, తిరిగి చక్రానికి వచ్చేటప్పుడు ఇంకొంత పోతుంది. కోస్టింగ్‌లో ఈ రానూపోనూ ఖర్చు ఉండదు.

నల్లజర్ల మీదుగా వెళ్లే గుండుగొలను–దేవరపల్లి హైవేనో, కొల్లేరు మధ్యలోంచి పోయే ఏలూరు–కైకలూరు రోడ్డునో తీసుకోండి. రెండోదైతే బల్లపరుపు. ఇలాంటి చోట ఫుల్ రీజెన్ పెడితే కాలు కాస్త సడలినా కారు నెమ్మదిస్తుంది, పోయిన వేగం కోసం మళ్లీ కరెంట్ ఖర్చు. పెడల్‌ని సరిగ్గా మధ్యలో నిలిపితే నష్టం ఉండదు, నిజమే. కానీ గంటసేపు అలా ఎవరు నిలపగలరు? అందుకే ఇక్కడ నా ఓటు జీరో రీజెన్‌కే. తాడేపల్లిగూడెం ఊళ్లోకి వచ్చాక ఆటోల మధ్య ఎలాగూ ఆగాలి కాబట్టి, అప్పుడు పెంచుకోవచ్చు.

తిరుమల ఘాట్‌లో సీన్ రివర్స్. కొండ మీద నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్లు దిగాలి. 1,500 కిలోల కారుకి లెక్కేస్తే అది సుమారు 2.8 యూనిట్ల ఎనర్జీ. అంతా తిరిగి రాదు. కానీ రీజెన్ లేకపోతే అందులో ఎక్కువ భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. బ్రేకులు బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. కాబట్టి ఘాట్ దిగేటప్పుడు ఫుల్ రీజెన్. ఒక్క జాగ్రత్త: పైన 100 శాతం ఛార్జ్ చేసి దిగకండి. నిండిన బ్యాటరీలో కరెంట్‌కి చోటుండదు, రీజెన్ బాగా తగ్గిపోతుంది.

పెట్రోల్, డీజిల్ కార్లవాళ్లకీ ఒక మాట. మైలేజ్ కోసం దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు మానేయండి. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేర్ వేసి ఉంచి కాలు తీస్తే ఇంజిన్‌కి ఇంధనం ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఐడ్లింగ్‌కి తాగుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఆదా లేదు, రిస్క్ మాత్రం ఉంది.

అందుకే ఈవీ కొనేటప్పుడు "రీజెన్ ఎంత స్ట్రాంగ్?" అని కాదు, "ఎంత ఈజీగా మార్చుకోవచ్చు, జీరో ఉందా?" అని అడగండి. 2023లో వచ్చిన నెక్సాన్ ఈవీ ఫేస్‌లిఫ్ట్‌లో స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్స్‌తో 0 నుంచి 3 వరకు మార్చుకోవచ్చు. నాకు నచ్చిన పద్ధతి అదే. టచ్‌స్క్రీన్ మెనూలో ఎక్కడో దాచిన రీజెన్ సెట్టింగ్, ఘాట్ మలుపులో ఉన్నా లేనట్టే.